పొగబండి అప్పగింతలు

ఆ రోజుల్లో ఆక్లాండ్‌లో కారు లేని తెలుగువాడంటే చెప్పుల్లేకుండా పెళ్ళికి వచ్చినవాడి కింద లెక్క. పాపటోయిటోయిలో మేముండే ఫ్లాట్ దగ్గర ఆదివారం పూట బస్సు కోసం నిలబడితే, ఈలోగా ఇంట్లో పెరుగు తోడుకునేది. అందుకని ఉద్యోగంలో చేరీ చేరగానే ఓ పాత స్టేషన్ వ్యాగన్ కొన్నాను. కొన్నాను అనడం కంటే, నాకు అంటగట్టారు అనడం న్యాయం. "డీజిల్ బండి, మేట్" అన్నాడు అమ్మినవాడు. బుర్ర ఇంకా గోదావరి జిల్లాలోనే ఉంది కదా, డీజిలంటే చవకని ఎగిరి గంతేశాను. ఆ దేశంలో డీజిల్ బండి తిప్పాలంటే తిరగబోయే కిలోమీటర్లకి ముందుగానే పన్ను కట్టాలని బండి ఇంటికొచ్చాక తెలిసింది. (అడిగితే ఎవరైనా చెప్పేవారే. అడగడం నామోషీ అనుకున్నాను.) అయినా సొంత సంపాదనతో కొన్న మొట్టమొదటి వస్తువు అది. కొన్న రోజున దాని చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేశానో, చూసిన పక్కింటివాళ్ళు తాళాలు పోయాయేమో అనుకున్నారు.

అక్కడ కార్లకి ఆరు నెలలకోసారి పరీక్ష చేయించి 'వారంట్' అనే చీటీ తెచ్చుకోవాలి. బ్రేకులూ లైట్లూ చూడటం సరే, అప్పుడే కొత్తగా పొగ పరీక్ష కూడా పెట్టారు. పరీక్ష చేసే కుర్రాడు యాక్సిలరేటర్ తొక్కాడు. నా బండి ఒక్క దగ్గు దగ్గి షెడ్డంతా నల్లగా నింపేసింది. పొమ్మనలేక పొగబెట్టడం అని వినడమేగాని కళ్ళారా చూసింది ఆ రోజే. షెడ్డులో ఉన్నవాళ్ళందరూ బయటికి పరుగెత్తారు. ఇంజినే మార్చాలి, దానికంటే ఇంకో కారు కొనుక్కోవడం నయం అని తేల్చారు. తుక్కువాళ్ళకి ఫోన్ చేద్దామంటే నాకు చెయ్యి రాలేదు. నా బండిని ఎవరో నలిపి ముద్ద చేస్తారా? నేను నడపకపోతే మానె, ఎవరో ఒకరి కింద అది తిరుగుతూ ఉండాలి, ఏ రోడ్డు మీదో నాకు ఎదురుపడాలి. నాకు కావలసింది అంతే.

పక్క ఫ్లాట్‌లో గుంటూరు నుంచి వచ్చిన నర్సు ఆంటీ ఉండేవారు. నా ఏడుపు మొహం చూసి ఆవిడే దారి చెప్పారు. "ఎందుకు బాబూ అంత దిగులు? మా చర్చికి తెలిసిన చారిటీ ఒకటుంది. ముసలివాళ్ళని హాస్పిటల్‌కి తీసుకెళ్ళి తీసుకొస్తుంటారు. పాత కారు ఏ కండిషన్‌లో ఉన్నా తీసుకుంటారు." ఆ తర్వాత ఆవిడ ఇంకేదో కూడా చెప్పారు. నా చెవులు 'తీసుకుంటారు' దగ్గరే ఆగిపోయాయి. బీద కుటుంబం ఒకటి నా బండిలో ఎక్కి, పిల్లలు వెనక సీట్లో కేరింతలు కొడుతున్నట్టు అప్పటికే కనిపించేసింది.

సంగతి నా రూమ్మేట్‌కి చెప్పాను. వాణ్ణి అందరం సిద్ధాంతి అనేవాళ్ళం. పగలంతా సాఫ్ట్‌వేర్ రాసేవాడేగాని, వాషింగ్ మెషీన్‌లో బట్టలు వెయ్యడానికి కూడా వర్జ్యం చూసేవాడు. "ఒరేయ్, పుచ్చువంకాయలు దానమిచ్చి పుణ్యం రమ్మంటే వస్తుందా? ఒట్టిపోయిన ఆవుని తోలేసినట్టు తోలేస్తావా? ఇచ్చేది మంచిగా ఇవ్వాలిరా!" అన్నాడు. "ఇంజిన్ మార్చే స్తోమత నాకెక్కడిదిరా?" అంటే, "ఇంజిన్ సంగతి పుచ్చుకునేవాళ్ళ మెకానిక్కులు చూసుకుంటారు. మిగతా మర్యాదలు మనవి" అన్నాడు. ఇద్దరు చదువుకున్న మూర్ఖులు ఒకచోట చేరితే ఆపే నాథుడెవడు? సీట్లకి కొత్త కవర్లు తొడిగాం. ట్యాంకు నిండా డీజిల్ కొట్టించాం. అరిగిన టైర్ల మీద పంపితే పాపమని నాలుగూ మార్పించాను. ఆ సైజులో దొరికినవి, పక్కల మీద ఇంత లావున తెల్లక్షరాలుండే, రేసులు పెట్టుకునే కుర్రాళ్ళ టైర్లు. నా ముసలి బండి వాటి మీద, డెబ్భై ఏళ్ళ మామ్మ జరీ జోళ్ళు వేసుకున్నట్టు నిలబడింది.

శనివారం పొద్దున్న దశమి ఘడియలు ఉండగా అప్పగింతలు. బానెట్‌కి పసుపు రాసి బొట్టు పెట్టాను. సిద్ధాంతి కొబ్బరికాయ కొట్టాడు. నర్సు ఆంటీ, "ఇన్నాళ్ళు మా బాబుని క్షేమంగా తిప్పావు ప్రభువా, నీకు స్తోత్రం" అని కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. పొగ పరీక్షలో తప్పిన బండికి రెండు మతాల ఆశీర్వచనం దక్కింది. అంతలో తీసుకెళ్ళే ట్రక్కు వచ్చింది. అందులోంచి ఇంత పొడవు పెద్దాయన, చారిటీ తరఫు మనిషి, నిక్కరుతో దిగాడు. సిద్ధాంతి ఆయన చేతులు రెండూ దోసిలి పట్టించి, తులసి దొరక్క వేసిన పుదీనాతో సహా నాచేత నీళ్ళు విడిపించాడు. దానం పూర్తయింది. పెద్దాయన చేతులు కడుక్కోమన్నామనుకున్నాడు కాబోలు, నిక్కరుకి శుభ్రంగా తుడుచుకుని, "థాంక్స్, మేట్" అన్నాడు. తర్వాత వంగి టైర్లు చూశాడు.

"ఇవి కొత్తవి కదా! సోమవారం నలగ్గొట్టే బండికి కొత్త టైర్లెందుకు వేశావు?"

ఆంటీ వైపు చూశాను. "ఆ రోజే చెప్పాను కదా బాబూ, తుక్కుకి అమ్మి ఆ డబ్బుతో వ్యాన్ నడుపుతారని!" అన్నారావిడ నొచ్చుకుంటూ. నేను వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చుని, లోపల్నుంచి లాక్ చేసుకుని, స్టీరింగ్ పట్టుకున్నాను. ఇరవయ్యారేళ్ళ మగాణ్ణి. కళ్ళమ్మట నీళ్ళు బొటబొటా కారిపోతున్నాయి. సిద్ధాంతి అద్దం మీద కొడుతూ, "ఒరేయ్, దిగరా! నీళ్ళు వదిలేశాక వెనక్కి తీసుకుంటే మహాపాపంరా!" అని ఒకటే గోల. శాస్త్రం నేర్పి మరీ నా నోరు కట్టేశాడు త్రాష్టుడు.

పెద్దాయన నవ్వలేదు. ఆంటీ ఏదో చెబితే విని, అంత పొడుగు మనిషీ కిటికీ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "నా మొదటి కారు పోయినప్పుడు నేనూ ఏడ్చాను. చూడు, మా వ్యాన్ టైర్లు అరిగిపోయాయి. సైజు ఇదే. అదీ డీజిల్‌దే. టైర్లూ, ట్యాంకులో డీజిలూ దానికి వేసుకుంటాం. సరేనా?" అన్నాడు. నేను ముక్కు చీదుకుని దిగాను. ట్రక్కు మీదికి ఎక్కించడానికి స్టార్ట్ చేస్తే, బండి ఆఖరిసారి వీధంతా నల్లటి పొగ వదిలి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి ఒక వానరోజు, ఇస్త్రీ ప్యాంటు వేసుకుని బస్‌స్టాపులో నిలబడ్డాను. తెల్లటి వ్యాన్ ఒకటి రయ్యిన వచ్చి, గుంటలో నీళ్ళన్నీ నడుం దాకా నా మీద చిమ్మి పోయింది. "కళ్ళు కనపడటం లేదూ!" అని తెలుగులోనే అరవబోయి ఆగాను. చక్రాల మీద ఇంత లావు తెల్లక్షరాలు గిర్రున తిరుగుతున్నాయి. లోపల నలుగురు మామ్మలు, ఒక తాతగారు. "నావే! అవి నావే!" అని పిచ్చివాడిలా చేతులూపాను. వెనక సీట్లో మామ్మ ఒకావిడ ఎవరో తెలిసినవాడే అనుకుని, నవ్వుతూ చెయ్యి ఊపింది. ఆ తడి ప్యాంటుతో ఆఫీసుకి వెళ్ళి రోజంతా వెలిగిపోయాను.

ఇప్పుడు నాది కరెంటు కారు. పొగ లేదు, చప్పుడు లేదు, ఉన్నట్టే తెలియదు. వానలో ఆ స్టాపు దగ్గరికి రాగానే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. "వై ఆర్ వీ స్లోయింగ్ డౌన్, నాన్నా?" అంటుంది మా అమ్మాయి. ఎవరిమీదైనా నీళ్ళు పడతాయమ్మా అంటాను. అది సగమే నిజం. నడుం దాకా తడిసి, చెవుల దాకా నవ్వుతూ చేతులూపుతున్న ఆ వెర్రిబాగులవాడు ఇంకా అక్కడే ఉన్నాడేమోనని ఓసారి చూసుకుంటాను.