ఏడు గుంతల మూత

కాలువకు అడ్డమంటూ మున్సిపల్ ఆఫీసు వాళ్లు సిలార్ మేస్త్రీ ఇంటి మెట్లు పగలగొట్టిపోయారు. అతని గుమ్మంలోకి వాననీళ్లు తోలుతున్న పక్క అపార్ట్‌మెంటు జోలికి మాత్రం పోలేదు. దానికి ఇంకుడుగుంత లేదని సిలార్‌కు బాగా తెలుసు. ఉందని ఫోటోలో నిలబడింది అతనే. గుంత ఉంటేనే అపార్ట్‌మెంటుకు అనుమతి కాగితాలొస్తాయి, తవ్వితే కారు నిలిపే చోటు పోతుంది. అందుకని దాని బిల్డరు వెంకటనారాయణ ఒక ఉపాయం పట్టాడు. సిలార్ పోసిన చిల్లుల సిమెంటు మూతను చదును నేలమీద పెట్టి, చుట్టూ కంకర చల్లి, అతని చేత పార పట్టించి ఫోటో తీయిస్తాడు. ఫోటో అయ్యాక మూత సిలార్ ఇంటికి, అక్కణ్నుంచి ఇంకో సైటుకు పోతుంది. ఏడు అపార్ట్‌మెంట్లకూ అదే మూత. ఫోటో అయిన ప్రతిసారీ సిలార్ లుంగీ ఎగ్గట్టి, ఖాండ్రించి ఉమ్మి, చేతులు కడుక్కునేవాడు.

మొన్నటి వానకు మురుగు బియ్యం డబ్బాలోకి ఎక్కింది. పురుగులు తేలుతున్న ఆ బియ్యాన్ని భార్య కరీమున్ అతని కాళ్ల ముందే కుమ్మరించింది. "తిను మేస్త్రీ. నీ ఫోటో గుంతలో ఇంకిన నీళ్లే ఇవి."

సిలార్ పార అందుకున్నాడు. మెట్లు పోయిన చోట రెండు రోజులు తవ్వాడు, మనిషి లోతు. రాళ్లు, కంకర, ఇసుక నింపాడు.

ఎనిమిదో ఫోటోకి వెంకటనారాయణే కారేసుకొచ్చాడు. వాళ్లు కలుసుకోవడం అదే ఆఖరు.

"ఏరా సిలారూ, ఫోనెత్తవేంటి? మూతేదీ?"

సిలార్ గుమ్మంలోంచి కదలకుండా, మెట్లు పోయిన చోటును కాలితో చూపించాడు.

"అదేనండి. ఇప్పుడు దాని కింద గుంతుంది. ఇక మీకు పనికిరాదు."