అందరికీ ఓ జేబు

మా పిన్ని చేతికి బట్ట దొరికితే చాలు, దానికి జేబు పడాల్సిందే. టైలరన్నాక చొక్కాకి జేబు కుట్టడం సహజమే. మా పిన్ని కర్టెన్లకు కుట్టింది, దిండు గలీబులకు కుట్టింది, చివరికి బాబాయి తువ్వాలుకూ కుట్టింది. ఒళ్ళు తుడుచుకునేవాడికి జేబెందుకే అని ఆయన మొత్తుకుంటే, ఉంటే అదే పనికొస్తుంది లెమ్మంది. పాపం బాబాయి అందులో కళ్ళజోడు పెట్టి మరిచిపోయాడు. అది బట్టలతోపాటు బకెట్లో నానింది.

అంతకుముందు ఆవిడ బుద్ధిగా కుట్టుకునే మనిషే. నేను కాలేజీలో చేరిన ఏడే ఈ పిచ్చి పట్టుకుంది.

నాకు పుట్టుకతోనే తలసీమియా. నెలనెలా రక్తం ఎక్కించుకుంటేనే బతుకు. ఆ రక్తంతో వచ్చే ఇనుమేమో ఒంట్లో తిష్ఠ వేస్తుంది. దాన్ని బయటికి లాగే మందు చిన్న పంపులోంచి, పొట్టమీద గుచ్చిన సూదిగుండా ఎక్కాలి. రాత్రుళ్ళు పెట్టుకోమంటే ఎగ్గొట్టాను. ఇనుము గుండెకి చేరింది. ఇక పగలూ రాత్రీ పెట్టుకోకపోతే గుండె దక్కదని డాక్టరుగారు మొహంమీదే చెప్పారు. నడుముకి ఆ డబ్బాతో కాలేజీకి వెళ్ళడంకంటే చావే నయమనిపించింది నాకు. సిగ్గు అలాంటిది.

పిన్ని నా బట్టలన్నిటికీ నడుం దగ్గర జేబు కుట్టి, పంపు అందులో పెట్టింది. అక్కడితో ఆగితే బావుండేది. పక్కింటి తాతగారికి, పోస్ట్‌మ్యాన్‌కి, నా క్లాసు అమ్మాయిలు బిగుతు చేయమని ఇచ్చిన ప్రతి డ్రెస్సుకీ సరిగ్గా అక్కడే జేబు. మా లెక్చరరుగారు కూడా నడుం దగ్గరి జేబులోంచి సుద్దముక్క తీస్తుంటే నేను బెంచీ కింద దూరాను. ఆ టైలరు మీ చుట్టమా అని ఒకతె అడిగితే, ఆవిడెవరో నాకు తెలియదనేశాను.

ఇంటికెళ్ళి పిన్ని మీద పడ్డాను.

"నీ జేబులతో నా పరువు తీస్తున్నావు పిన్నీ."

"ఏదీ, ఇలా తే. పరువుకీ ఒకటి కుట్టేస్తాను," అంటూ దారం కొరికింది.

ఏడాది తిరిగాక మళ్ళీ స్కాన్ తీశారు. గుండెలో ఇనుము బాగా తగ్గింది, సూది మాని మాత్రలకు మారొచ్చు అన్నారు డాక్టరుగారు. అని, చీటీ రాయడానికి పెన్ను తీశారు. తెల్లకోటుకి నడుం దగ్గరున్న జేబులోంచి.

"మీక్కూడానా డాక్టరుగారూ?"

"కోటు లాక్కెళ్ళి కుట్టి తెచ్చారమ్మా మీ పిన్నిగారు. ఒక్క పిల్లకే అక్కడ జేబుంటే అందరూ చూస్తారట. ఊరందరికీ ఉంటే ఎవరు చూస్తారన్నారు."

నిజమే. ఆ ఏడాదంతా నా పంపు గురించి ఒక్కరూ అడగలేదు. అడిగిందల్లా మా పిన్ని గురించే. నేనేమో ఆవిడెవరో తెలియదన్నాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బయటికొస్తే, వరండాలో పిన్ని ఆస్పత్రి వాచ్‌మన్ నడుముకి టేపు చుట్టి కొలుస్తోంది. జనం నవ్వుతున్నారు. ఎవరమ్మా ఆవిడ అని పక్కనున్నామె గుసగుసగా అడిగింది.

"మా పిన్నండీ," అన్నాను అందరికీ వినపడేలా. "మీ డ్రెస్సుకి జేబు లేనట్టుందే. రండి, కుట్టిస్తాను."