రిజర్వ్ చేసిన గోడ

బూర్గంపాడులో అహ్మద్ పాషా ఎవరని అడిగితే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. పెయింటర్ పాషా అంటే మాత్రం చాయ్ బండి అతను కూడా పని ఆపి ఇంటి దాకా వచ్చి చూపిస్తాడు. ముప్పై ఏళ్లు ఆ చుట్టుపక్కల గోడలన్నీ ఆయన చేతి కిందే ఉండేవి మరి. ఎరువులు, పురుగుమందులు, సిమెంటు, ఎలక్షన్ గుర్తులు, చర్చి కూటాలు, కాలేజీ అడ్మిషన్లు, ఏది రాయాలన్నా పాషానే. ఆయన తొమ్మిది అంకె వేస్తే తోక కొంచెం ఎడమకు ఒరుగుతుంది. అది తప్పని ఎవరూ అనలేదు, అదే ఆయన సంతకం అనుకున్నారు.

తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. దాన్ని కనిపెట్టినవాడు ఎవడో గానీ, ఒక్క గంటలో పాషా నాలుగు రోజుల పని చేసి చూపించాడు. ఎండకు వెలిసిపోయి, గాలికి చిరిగి, ఆఖరికి గేదెల కొట్టం మీద కప్పుగా మారే ఆ గుడ్డ ముందు ఇంత మంచి చెయ్యి ఓడిపోవడం నాకైతే ఇప్పటికీ మింగుడు పడదు. పాషా మాత్రం ఎవరినీ తిట్టలేదు. ఇల్లు నడవడానికి ఇంకో దారి వెతుక్కున్నాడు.

ఆ దారి చూపించినవాడు ఖమ్మంలో పెయింట్ల దుకాణం నడిపే చందూలాల్. ఇద్దరిదీ పాత స్నేహం. ఒకరోజు డబ్బాలు కొనడానికి వెళ్తే కూర్చోబెట్టి చెప్పాడు.

"పాషా భాయ్, ఇంటర్నెట్‌లో వెబ్‌సైట్ల పేర్లు కూడా ప్లాట్ల లెక్కనే. ముందు కొని హద్దు కడీలు పాతాలె. కట్టుడు మన పని కాదు. అవసరం ఉన్నోడే ఎతుక్కుంట వస్తడు. అప్పటిదాంక ఉత్తగ ఎందుకు, పార్కింగ్ పెట్టు."

పార్కింగ్ అంటే ఏమిటో కూడా ఆయనే వివరించాడు. మనం కొన్న పేరు మీద ఒక కంపెనీ ప్రకటనల పేజీ తగిలిస్తుంది. ఆ పేరు కొట్టి వచ్చినవాళ్లు ఏదైనా ప్రకటన నొక్కితే మనకు నాలుగు పైసలు వస్తాయి. పేరు గలవాడు ఏ పనీ చేయనక్కర్లేదు.

వింటుంటే పాషాకు ఇది తెలిసిన పనే అనిపించింది. పెయింటర్ల పద్ధతి అదే కదా. మంచి గోడ కనబడితే ముందు సున్నం కొట్టి, మూలన "రిజర్వ్‌డ్" అని రాసి, సంవత్సరం వేసి, కింద పేరు పెడతారు. ఇక ఆ గోడను ఇంకో పెయింటర్ ముట్టడు. ఇంటివాళ్లకు డబ్బులిచ్చే ఆచారం లేదు, బదులుగా వాళ్లకు కావలసిన పేరు ఒకటి ఊరికే రాసి పెడతారు. అట్లా గోడలు ఆపినవాడికి పేర్లు ఆపడం ఒక లెక్కా? బోటు ప్రయాణాలు, ఇప్పపువ్వు, మిర్చి ధర, భద్రాచలంలో గదులు, ఇట్లా తొమ్మిది పేర్లు కొన్నాడు. అందులో ఒకటి గోదావరి మట్టం డాట్ ఇన్.

ఆయన కూతురు తబస్సుం బస్టాండు దగ్గర ఆన్‌లైన్ సెంటర్ నడుపుతుంది. అప్లికేషన్లు పెట్టడమే కాదు, చిన్న చిన్న వెబ్‌సైట్లు కట్టడం కూడా నేర్చుకుంది. ఆమెకు నాన్న చేసిన ఈ వ్యవహారం మొదటి రోజే నచ్చలేదు.

"అబ్బా, తొమ్మిది పేర్లు ఎందుకు? ఒకటి ఉంచుకో, దాంట్లో ఏదన్న పెడదాం. మిగతాయి వదిలెయ్. ఏడాదికోసారి కిరాయి కట్టుడే గాని వాటితోని వచ్చేదేంది?"

"కట్టాలంటే రోజు పని ఉంటది బేటీ. ఆపి పెడితే పని లేదు."

"పని లేకుంట పైసలిచ్చేటోడు ఎవరున్నరు?"

పాషా పేర్లు వదల్లేదు. అయితే పార్కింగ్ మీద నెలకు చాయ్ ఖర్చు కూడా రాకపోయేసరికి ఆయనకో ఉపాయం తట్టింది. ఖమ్మంలో గానీ హైదరాబాదులో గానీ ఈ వ్యాపారం చేసేవాళ్లెవరికీ తట్టని ఉపాయం. బ్రష్షు తీసి, పాత గోడల మీద ఆ పేర్లు రాశాడు. గోదావరి ఒడ్డు ఊళ్లలో అయితే నీలం రంగు మీద తెల్లటి అక్షరాలు: "గోదావరి ఎన్ని అడుగులు? ఇక్కడ చూడండి." కింద ఇంగ్లీషులో ఆ పేరు. పదకొండు గోడలు. గోడ బాగుంటే జనం పేరు కొడతారు, కొడితే ప్రకటనలు చూస్తారు, అంతే ఆయన లెక్క. అక్కడ చూస్తే ఏముంటుందన్నది మాత్రం ఆలోచించలేదు. రిజర్వ్ చేసిన గోడ మీద ఏముంటుందని ఎవరడుగుతారు?

పదకొండో గోడ దుమ్ముగూడెం వైపు, ఏటి ఒడ్డు ఊళ్లో లిదియా అనే దర్జీ ఆమెది. ఒక్కతే ఉంటుంది, రెండు మిషన్ల మీద బతుకుతుంది. గోడ ఇచ్చినందుకు పాషా ఆమె తలుపు పైన "లిదియా లేడీస్ టైలర్" అని రాసి ఫోన్ నంబరు కూడా వేశాడు. ఆమె మురిసిపోయి చాయ్ పెట్టింది.

జూలైలో గోదావరి పెరిగింది. ఆ వారం పాషా ఫోన్‌లో అంకెలు కూడా పెరిగాయి. రోజుకు పది మంది రాని పేజీకి వందలు, తర్వాత వేలు వచ్చారు. వారం తిరిగేసరికి మూడు వేల రెండు వందల రూపాయలు పడ్డాయి. పాషా ఆ రోజు కిలో మటన్ తెచ్చాడు. "చూసినవా, గోడ పని చేస్తది" అని కూతురితో అన్నాడు. తబస్సుం కూడా తిన్నది.

నీళ్లు తీసిన పది రోజులకు, గోడల మీద రంగు నిలిచిందో లేదో చూసుకుందామని పాషా బండేసుకుని బయలుదేరాడు. లిదియా ఇంటి గోడకు నడుమెత్తున బురద గీత ఉంది. దానిపైన ఆయన రాసిన పేరు చెక్కు చెదరలేదు. వాకిట్లో రెండు మిషన్లు విప్పి ఎండలో పెట్టి ఉన్నాయి. ఒకటి తుప్పు పట్టి బిగుసుకుపోయింది. తాడు మీద ఎవరివో పెళ్లి జాకెట్లు ఆరేసి ఉన్నాయి, ఎర్ర రంగు బంగారు అంచు మీదికి పాకి అన్నీ పాడైపోయాయి.

"మైకుల చెప్పలేదా అమ్మా?" అన్నాడు పాషా, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"చెప్పిన్రు. పిల్లలను, ముసలోళ్లను స్కూల్‌కు తోలుకపోయిన్రు. నాకు తెల్వాల్సింది అంకె, భాయ్. భద్రాచలంలో నలభై ఎనిమిది అయిందంటే మా మెట్టెక్కుతది. నలభై అయిదైతే ఇంకా టైం ఉంటది, మిషన్లు అటక మీదికి ఎక్కించుకోవచ్చు. వాట్సాప్‌లో ఒకడు నలభై రెండంటడు, ఒకడు యాభై అంటడు. వాళ్లను నమ్మలే. నా గోడ మీద నువ్వు రాసింది ఉంది కదా అని అది కొట్టిన."

"కొడితే?" అన్నాడు పాషా.

"ఏవో వచ్చినయి. నీళ్లు వడపోసే మిషన్లని ఒకటి, బోటు టికెట్లని ఒకటి, లోన్లని ఒకటి. లోపల ఉంటదేమో అని ఒక్కోటి నొక్కిన. అన్నీ నొక్కిన. సిగ్నల్ గింతే ఉండె, ఫోన్ల అది గుండ్రంగ తిరుగుతనే ఉండె. గంట పోయింది. తలెత్తి చూస్తే నీళ్లు కాళ్ల కాడికి వచ్చినయి."

ఆమె కోపంగా చెప్పలేదు. అదే ఆయనకు మరీ కష్టమైంది. ఎవరైనా కాలర్ పట్టుకుంటే విదిలించుకోవచ్చు. ఈమె వాట్సాప్‌ను నమ్మక, మంది మాట నమ్మక, పాషా రాసిన గోడను నమ్మింది.

ఇంటికొచ్చి కూతురిని ఒక్కటే అడిగాడు. "ఆమె నొక్కింది కూడా మనకు లెక్కలో పడతదా?"

"అవ్ అబ్బా. నొక్కిన ప్రతిదానికి పడతది. ఆ వారం వచ్చినోళ్లందరూ అట్లా అంకె కోసం వచ్చినోళ్లే."

కిలో మటన్ సంగతి ఇద్దరికీ గుర్తొచ్చింది. 

సరిగ్గా ఆ సమయానికే చందూలాల్ ఫోన్ చేశాడు. హైదరాబాదు నుంచి ఒక పార్టీ గోదావరి మట్టం పేరు అడుగుతున్నదట. వానల్లో అంతమంది వచ్చారని తెలిసి, దానిమీద ప్రకటనలు ఇంకా గట్టిగా పెట్టుకుంటారట. వాళ్లిచ్చేది పాషా ఏడాది సంపాదన. ఆగస్టు ఆఖరుకు పేర్ల గడువు తీరుతుంది, ఆలోగా తేల్చమన్నాడు.

"నీ అదృష్టం పండింది భాయ్. సంతకం పెట్టు, నిమ్మళంగ కూసో."

పాషా నాలుగు రోజులు సరిగా తినలేదు. ఇంటి కప్పు కారుతోంది, చేతిలో పని లేదు. అమ్మితే తప్పేముంది? అమ్మిన తర్వాత ఆ పేజీలో ఏముంటే ఆయనకేం? కానీ పదకొండు గోడల మీద ఆయన చెయ్యి ఉంది. ఆ గోడలు చూసి జనం మళ్లీ కొడతారు, మళ్లీ నొక్కుతారు, అవే నీళ్ల మిషన్లు, అవే లోన్లు. గోడలకు సున్నం కొట్టేసి పేరు అమ్మేస్తే సరిపోతుందనుకున్నాడు. సున్నం బకెట్టు బండికి కట్టుకుని ముందుగా లిదియా ఇంటికే వెళ్లాడు.

బకెట్టు చూసి ఆమె గడపలోకి వచ్చింది. "ఎందుకు కొట్టేస్తున్నవ్?"

"ఇది ఉత్తదమ్మా. లోపల ఏం లేదు. ఇంకోటి కూడా చెప్పాలె." పాషా గోడ వైపే చూస్తూ చెప్పేశాడు. "నువ్వు ఆ రోజు నొక్కినవి ఉన్నయి చూడు, వాటికి నాకు పైసలొచ్చినయి."

లిదియా వాకిట్లోకి దిగి, తుప్పు పట్టిన మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి తిప్పబోయింది, తిరగలేదు.

"ఎన్నొచ్చినయి?"

"అందరివి కలిపి మూడు వేల పైన."

"అయితే ఆ పైసలతోని రేకు కొను. పెద్దది. దాని మీద అంకె రాసి, గోడ మీది పేరు కొడితే అది కనబడేటట్టు పెట్టు. వానకు పోని రంగు వెయ్. గోడ మాత్రం ముట్టకు. అంకె కోసం ఎక్కడ చూడాల్నో మా ఊరోళ్లకు తెలిసింది ఇప్పుడే, అది కూడా తుడిచేస్తవా?"

పాషా బకెట్టు అట్లాగే వెనక్కి తీసుకొచ్చాడు. ఆ సాయంత్రం చందూలాల్‌కు ఇవ్వనని చెప్పాడు. "పిచ్చి లేసిందా భాయ్!" అని చందూలాల్ కేకలేశాడు, రెండు నెలలు మాట్లాడటం కూడా మానేశాడు. మిగిలిన ఎనిమిది పేర్లకు పాషా గడువు పెంచలేదు. అవి ఎవరి చేతిలో పడ్డాయో ఆయన కనుక్కోలేదు.

తబస్సుం రెండు రోజుల్లో పేజీ కట్టింది. అందులో ఉండేది ఒక్క ఫొటో. పాషా పొద్దున్నే వంతెన దాటి భద్రాచలం కరకట్ట దగ్గరికి వెళ్లి, అధికారులు చెప్పిన మట్టం చూసుకుని, రేకు మీద బ్రష్షుతో అంకె, టైము రాస్తాడు. ఫొటో తీసి కూతురికి పంపుతాడు. ఫొటో కింద మాత్రం నాలుగు దుకాణాల పేర్లకు చోటిచ్చారు, ఎరువులవాళ్లు, ఫర్నిచర్ వాళ్లు నెలకింతని ఇస్తారు. పార్కింగ్ మీద వచ్చినదానికంటే ఎక్కువే, అయినా హైదరాబాదు పార్టీ ఇస్తానన్నదాంట్లో నాలుగో వంతు కూడా ఉండదు. ఒక్క షరతు పాషా పెట్టాడు. మొదటి హెచ్చరిక, అంటే నలభై మూడు అడుగులు చేరితే దుకాణాల పేర్లు తీసెయ్యాలి. ఆ పేజీలో నొక్కడానికి ఏదీ ఉండకూడదు.

సెప్టెంబరులో నది మళ్లీ పెరిగింది. వానలో గొడుగు పట్టుకుని పాషా గంటకోసారి రేకు మీద అంకె మార్చాడు. ముప్పై తొమ్మిది దగ్గర తొమ్మిది తోక ఎడమకే ఒరిగింది. నలభై ఒకటి. నలభై రెండున్నర. మధ్యాహ్నం మూడింటికి నలభై మూడు రాసి పంపాడు. తబస్సుం అవతలి నుంచి "పేర్లు తీసేసిన అబ్బా" అన్నది.

అప్పుడే ఫోన్ మోగింది. లిదియా.

"పాషా భాయ్, చూసిన. మిషన్లు రెండూ అటక ఎక్కించిన, బట్టలు కూడా. ఇగ నేను స్కూల్‌కు పోతున్న. నువ్వు రాసుడు ఆపకు."

"ఆపనమ్మా" అన్నాడు పాషా. రేకు తుడిచి, రంగు డబ్బా మూత తీశాడు.