కూడిక దగ్గర ఆగిన మధ్యాహ్నం

ఆఫీసులో ఆమెను అందరూ చాదస్తం అనేవారు. మొదట్లో చాటుగా, తర్వాత మొహం మీదే, ఆ తర్వాత ప్రేమగా. ఇతరులు రాసిన ప్రోగ్రాములను అక్షరం పొల్లుపోకుండా చదివి, తప్పులుంటే చెప్పడం ఆమె ఉద్యోగం.

అంతకుముందు పన్నెండేళ్లు తపాలా కార్యాలయంలో ఒక గదిలో పనిచేసింది. వానకు చెరిగిన ఊరిపేర్లు, ఇంటి నంబరు మరిచిన కవర్లు, ఎవరివో తెలియని ఉత్తరాలు వచ్చి చేరే గది అది. ఆ గది మూతబడ్డాక, ముప్పై ఆరో ఏట ప్రోగ్రాములు నేర్పే సాయంత్రం తరగతుల్లో చేరింది. "ఈ వయసులో ఓనమాలా?" అని చుట్టాలు నవ్వారు. నవ్వనిచ్చింది.

ప్రోగ్రాముల్లో ఎవరు, ఎప్పుడు, ఎందుకు ఏ మార్పు చేశారో అన్నీ దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి వాళ్ల ఆఫీసులో తయారవుతుంది. ఆ సమాచారం ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి మూటలుగా వెళ్తుంది. మూటలో ముక్కలు. ప్రతి ముక్క తలమీద 'నా పొడవు ఇంత' అని రాసి ఉంటుంది. మూట దారిలో చెడిపోయినా, ఎవరైనా కావాలని చెడగొట్టినా, ఆ అంకె అబద్ధమవుతుంది. దాన్ని నమ్మిన ప్రోగ్రాము తన మూట దాటి పరాయి మూటలో చెయ్యి పెడుతుంది.

అది జరగకుండా ఆపే కొత్త భాగాన్ని, ఆఫీసులో అందరూ గడ్డం అని పిలిచే అతను రాశాడు. అందరికంటే సీనియరు, ఆమెకు ఈ పని నేర్పినవాడు. ఆమె రాసిన మొట్టమొదటి పేజీని తొమ్మిదిసార్లు తిప్పి పంపిన మనిషి. ఇప్పుడు అతని రాత నలుగురు చూసి సరేనన్నారు. సాయంత్రం విడుదల. మిగిలింది ఆమె సంతకమే.

ఆ రోజు ఆమె ఇంటి నుంచే పనిచేస్తోంది. బస్సు నడిపే భర్త రెండు ట్రిప్పుల మధ్య అన్నానికి వచ్చాడు.

"ఏమోయ్, ఇవాళ మా బస్సుకి పునర్జన్మ!"

"ఏమైందండీ?"

"మీటర్లో తొమ్మిదులన్నీ నిండి గిర్రున సున్నాలకొచ్చేసింది. పది లక్షల కిలోమీటర్ల ముసల్ది, లెక్కప్రకారం ఇవాళే పుట్టింది!" తన జోకుకి తనే నవ్వుకుని, తిని వెళ్లిపోయాడు.

ఇల్లు మళ్లీ నిశ్శబ్దమైంది. కర్టెన్ గాలికి ఉబ్బుతూ, తగ్గుతూ ఉంది. దాంతోపాటే బల్ల మీద ఎండ జరుగుతోంది. చదువుతుంటే ఆమె కళ్లు బరువెక్కాయి. అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని మెల్లగా నడుస్తున్నట్టనిపించింది. ముక్కలు ఒక్కొక్కటే ఆమె ముందుకు వచ్చి నిలబడుతున్నాయి. ఎక్కడ మొదలు? పొడవెంత? రెండూ కూడితే మూట చివర దాటిందా? దాటితే ఆగు, లేకపోతే వెళ్లు. ఒకటి వెళ్లింది. ఇంకొకటి వెళ్లింది. తర్వాత వచ్చినదాని నుదుటి మీద అన్నీ తొమ్మిదులే. ఆమె కూడింది. గళ్లన్నీ నిండి అంకె గిర్రున తిరిగి దాదాపు సున్నాకొచ్చింది. మూట చివర దాటలేదు కదా, వెళ్లు అంది ప్రోగ్రాము.

ఆమె నిటారుగా కూర్చుంది. అలాంటి అబద్ధపు పొడవున్న చిన్న ఫైలు ఒకటి తయారుచేసి ప్రోగ్రాముకి ఇచ్చింది. అది కుప్పకూలింది. తప్పు దొరికిందన్న సంతోషం మాత్రం రాలేదు. గడ్డానికి ఫోను చేసింది.

"సార్, నలభై రెండో వరసలో కూడిక..."

"నలుగురు చూశారమ్మా," అన్నాడు గడ్డం. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"ఒక ఫైలు పంపాను. మీ ప్రోగ్రాముకి తినిపించి చూడండి. అరిగించుకుంటే నేనే లెంపలేసుకుంటాను."

అవతల కీబోర్డు చప్పుడు. తర్వాత, "పడిపోయింది," అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఈ కూడిక కొత్తది కాదమ్మా. నా పాతదాన్నే ఎత్తి ఇక్కడ పెట్టా. ఇంకెక్కడెక్కడ ఉందో చూడాలి."

వాళ్ల సాఫ్ట్‌వేర్‌నే ఆ కూడిక ఎప్పటిదో, ఎక్కడెక్కడ ఉందో అడిగారు. ఇరవై ఏళ్ల కిందటి ఒక తారీఖు చూపించింది. దాని పక్కన ఆ రోజు అతను రాసుకున్న ఒక వాక్యం. అతను పైకి చదివాడు.

"తొందరలో రాశాను. మళ్లీ చూడాలి."

"మా అమ్మ ఆసుపత్రిలో ఉందప్పుడు," అన్నాడు గడ్డం. "వరండా బెంచీ మీద కంప్యూటరు ఒళ్లో పెట్టుకుని రాశా. నర్సు పిలిచింది, మూసేసి లేచా. ఆ తర్వాత మళ్లీ చూడనేలేదు."

"ఇప్పుడు చూద్దాం సార్," అంది ఆమె.

అదే కూడిక మరో మూడు చోట్ల దొరికింది. ఒకటి ఆమె దిద్దితే అతను చదివాడు, ఒకటి అతను దిద్దితే ఆమె చదివింది. ఇప్పుడు ప్రోగ్రాము కూడిక చెయ్యదు. మూటలో ఇంకా ఎంత మిగిలిందో ముందు తీసివేతతో తేల్చుకుని, ముక్క చెప్పుకున్న పొడవు అందులో పడుతుందా అని చూస్తుంది. పడకపోతే ఫలానా ముక్క బాగోలేదని చెప్పి, ప్రోగ్రాము నెమ్మదిగా ఆగిపోతుంది.

విడుదల రెండు రోజులు ఆలస్యమైంది. ఎందుకో బయటివాళ్లెవరికీ తెలియదు. గడ్డం మాత్రం ఈసారి మార్పు పక్కన పొడుగ్గా నాలుగు వాక్యాలు రాశాడు, తీరుబడిగా. మూడో రోజు మధ్యాహ్నం ఆమె కంప్యూటరు తెరవలేదు. కిటికీ కింద చాప పరుచుకుని, పైవాటాలో ఎవరో మొక్కలకు నీళ్లు పోస్తున్న చప్పుడు వింటూ నిద్రపోయింది.