గంగమ్మ రాయికి దిగువన

మా ఓబులమ్మ మొట్టమొదట సాధించింది, ఊరి పక్కన నీళ్లు పారే వంకలో ఎవరూ ఇల్లు కట్టరాదన్న తీర్మానం. వానే పడని ఊర్లో వరదకు హద్దు పెట్టించిన మెంబరు విడపనకల్లు చుట్టుపక్కల ఇంకెవరన్నా ఉన్నారేమోనని అడిగి చూసినాను, లేరు. నా తమ్ముని కూతురని చెప్పడం లేదు. మా ఊరి బళ్లో ఐదు పాసైనవాణ్ణి, ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఆమె వార్డు మెంబరుగా గెలిచింది 2001లో. మూడు గ్రామసభల్లో ఆ మాట ఎత్తితే మూడుసార్లూ నవ్వినారు. వాళ్ల తప్పు కూడా కాదు. వంక పారి అప్పటికి ఏండ్లయింది. పశువుల మేతకు శెనక్కాయ కట్టె వాములు వేసేది అందులోనే, పేకాడేది అందులోనే. శెనక్కాయల వ్యాపారి శ్రీరంగప్ప అయితే వంక నడుమ గోడౌను కడతానని రాళ్లు కూడా తోలించినాడు. కానీ ఓబులమ్మ చంటిబిడ్డగా ఉన్నప్పుడు ఇదే వంక పొంగి వాళ్ల గుడిసెను ఊడ్చుకుపోయింది. వాళ్లమ్మ ఆ కథ చెప్పని దినం లేదు. నాలుగో సభకు ఓబులమ్మ ఊరి ఆడోళ్లందరినీ వెంటబెట్టుకుని వచ్చింది. ఇంక ఎవరూ నవ్వలేదు.

హద్దు ఎన్ని మీటర్లని రాయాలని సెక్రటరీ అడిగినాడు. మీటర్లు ఎవరికి గుర్తుంటాయి? వంక గట్టున పాత బావి దగ్గర గంగమ్మ రాయి ఉండె. ఆనాటి వరద ఆ రాయి పాదం దాకా వచ్చి ఆగిందని ఊరంతా ఎరుగును. గంగమ్మ రాయికి దిగువన ఎవరూ కొత్తగా ఇల్లు గానీ గోడౌను గానీ కట్టరాదని ఓబులమ్మ చెప్పింది, సెక్రటరీ రాసినాడు.

తర్వాత ఆమె వీధిలైట్లు తెప్పించింది. కరెంటు ఉన్నప్పుడు వెలుగుతాయి. బడికి గోడ పెట్టించింది. అన్నిటికంటే పెద్దది బోరు. పెద్ద కరువులో పాత బావి అడుగంటితే, మండలాఫీసు చుట్టూ తిరిగి తిరిగి, ఊరికి ఎగువన బడి పక్కన బోరు వేయించింది. నీళ్లు పడినాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా గంగమ్మ ఒక చోట కూర్చునే దేవత కాదు. బావి ఎండితే, కొత్త నీళ్లు పడిన చోటికి రాయిని మేళతాళాలతో మోసుకుపోయి నిలపాల. ఆ నీళ్లు ఉన్నంతకాలం రాయిని ఎవరూ కదిలించరాదు. తాతలనాటి పద్ధతి. రాయిని ముందు పట్టింది ఓబులమ్మే. బోరు పక్కన నిలిపి, టెంకాయ కొట్టి, వెనక్కి తిరిగి చూస్తే ఊరంతా గంగమ్మకు దిగువనే ఉంది.

పాత ఇండ్లకు ఏమీ కాదు. కొత్తగా లేస్తాండేది ఒక్కటే ఇల్లు. ఓబులమ్మ, ఆమె మొగుడు తిప్పేష్ అప్పటిదాకా మా పశువుల కొట్టానికి ఆనించి పాక వేసుకుని బతుకుతాండిరి. సర్కారు ఇల్లు మంజూరై, గోడలు రొమ్ము ఎత్తుకు వచ్చినాయి.

శ్రీరంగప్ప టెంకాయ చిప్ప చేత పట్టుకునే దగ్గరికి వచ్చినాడు.

"ఏమమ్మా మెంబరూ, గంగమ్మకు దిగువన కడతాండావే?"

"ఈడికి వరద యాడొస్తాదన్నా?"

"నేనూ నాలుగు సభల్లో ఆ మాటే అంటిని గదమ్మా."

నాకూ నవ్వొచ్చింది, మింగినాను. తీర్మానం కొట్టేద్దాం, నువ్వు మిద్దె వేసుకో, నేను గోడౌను వేసుకుంటానని ఆయన బేరం పెట్టినాడు. రాయిని పాత చోటికి తీసుకుపోదామంటే, బోరు ఎండితే ఎవరు దిక్కని ఆడోళ్లే అడ్డం తిరిగినారు. రాసిన మాటను పాత బావికి దిగువన అని మార్చుదామంటే సభలో చేతులు లేవలేదు. విత్తనాల అప్పుకు శ్రీరంగప్ప గడప తొక్కని ఇల్లు మా ఊర్లో లేదు.

ఓబులమ్మ పోయి తిప్పేష్ చేతిలోంచి తాపీ తీసుకుంది.

"నా గోడ ఆగిందన్నా. నీ రాళ్లు కూడా లేయగూడదు."

తిప్పేష్ చాన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు. గోడల మీద ముండ్లకంప కప్పి ఇద్దరూ బెంగళూరుకు కూలికి పోయినారు. ఆమె ఇటుకలు మోసేది అపార్ట్‌మెంట్లకు. ఆ జాగా మొన్నటిదాకా చెరువంట. ఈ చెరువుకు గంగమ్మ లేదా అని మేస్త్రీని అడిగితే, కింద కార్లు పెడతారని చెప్పినాడంట. ఫోన్లో చెప్పి ఆమే నవ్వింది.

ఇక్కడ శ్రీరంగప్ప వంకలో రేకుల షెడ్డు వేసినాడు. రేకుల షెడ్డు ఇల్లూ కాదు, గోడౌనూ కాదని ఆయన వాదన.

ఈ సెప్టెంబరులో వాన పట్టింది. వంక పారింది. వాములు పోయినాయి, షెడ్డు పోయింది, శెనక్కాయ మూటలు పోయినాయి. మనుషులకు ఏమీ కాలేదు. నీళ్లు సరిగ్గా బావి దగ్గర, గంగమ్మ రాయి పెరికిన గుంత దాకా వచ్చి ఆగినాయి. ఓబులమ్మ ఇంటికి వరద రాలేదు. వాన మాత్రం వచ్చింది, పైన కప్పు లేదు గదా. ఒక గోడ బాగా నానింది.

మర్నాడు శ్రీరంగప్ప మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. ఓబులమ్మను పిలిపించమన్నాడు. ఆ గుంతలో బండ పాతి దాన్నే హద్దుగా రాసుకుందాం, మొదటి చెయ్యి తనే ఎత్తుతానన్నాడు.

"ఆ బండకు ఏ దేవుని పేరు పెడదామప్పా?" అంటిని.

"ఏ దేవునిదీ వద్దన్నా. ఉత్త బండ అని రాయించు. నా రేకు ఇంకా ఆ గుంతలోనే తగులుకోనుండాది."

ఫోన్ చేసి చెప్పినాను. ఓబులమ్మ ముండ్లకంప తీయించమంది, తాపీ యాడుందో చూసి పెట్టమంది. సభ గాంధీ జయంతి నాడు. పొద్దున బస్సుకే దిగుతానంది, 2005 అక్టోబరు రెండో తేదీన.