దుబాసీ సోమమ్మ వాంగ్మూలం

ఇనుప కడ్డీ మొదటి దెబ్బకే దేవా ఎడమ కన్ను పోయింది. రెండోది దవడ మీద పడింది, మూడోది భుజం మీద. నాలుగో దెబ్బకు కడ్డీ లేపేసరికి ఐదారుగురు మీదపడి ఇర్మాను నేలకు అదిమేశారు. జగదల్‌పూర్ దగ్గర ఒక ప్రైవేటు ఇనుప మిల్లు క్యాంటీన్‌లో, మధ్యాహ్నం మూడున్నరకు, ముప్ఫై మంది చూస్తుండగా ఇది జరిగింది. అప్పుడు అక్కడ నడుస్తున్నది కార్మికులు ఒకరినొకరు గౌరవించుకోవడం నేర్పే శిక్షణ.

ఎందుకు కొట్టాడో అర్థమైనవాళ్ళు ఆ గదిలో ముగ్గురే. కొట్టిన ఇర్మా, దెబ్బలు తిన్న దేవా, శిక్షణ ఇవ్వడానికి వచ్చిన సోమమ్మ.

సోమమ్మది కిష్టారం అవతల ఒక దోర్ల ఆదివాసీల పల్లె. ఆమెకు పద్నాలుగేళ్ళప్పుడు ఊళ్ళు ఖాళీ చేయించే గుంపు వచ్చి పల్లెను తగలబెట్టింది. నాలుగో రోజున తండ్రి శవం దొరికింది. చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి. ఎవరు చంపారో చెప్పినవాళ్ళు లేరు. తల్లి పిల్లల్ని తీసుకుని సరిహద్దు దాటి భద్రాచలం వైపు మిరపకాయలు ఏరే పనికి వెళ్ళింది. సోమమ్మ తెలుగు ఆ చేలల్లోనే గట్టిపడింది. హిందీ హాస్టల్లో వచ్చింది. గోండీ, హల్బీ సంతల్లో పట్టుకుంది. ఇరవై రెండేళ్ళకు కోర్టులో దుబాసీ అయింది. తమ దోర్లీ భాష తప్ప మరోటి రాని ముద్దాయిలకూ, దోర్లీ ఒక్క ముక్క రాని జడ్జీలకూ మధ్య నిలబడేది. మాట్లాడుతున్న మనిషి మధ్యలో ఆగిపోతే మాట అందించకూడదని, “తర్వాత?” అని మాత్రమే అడగాలని అక్కడ ఒక ముసలి వకీలు నేర్పాడు. ఆ అలవాటు ఆమెను వదల్లేదు.

కిరందుల్ లైన్లో గూడ్సు రైలు గార్డుగా చేసిన యేసుపాదం కూతురు శాంతిప్రియ ఆమెను కోర్టు వరండాలో చూసింది. శాంతిప్రియ ఒక కంపెనీ సిబ్బంది విభాగంలో తొమ్మిదేళ్ళు చేసి మానేసిన మనిషి. ఇద్దరూ కలిసి సైకిల్ దుకాణం పైన రెండు గదులు తీసుకున్నారు. ఆదివాసీలనూ, ఆడవాళ్ళనూ, వికలాంగులనూ పనిలో ఎలా కలుపుకోవాలో కంపెనీలకు చెప్పడం వాళ్ళ వృత్తి. మిల్లుల్లో వాళ్ళను ‘డైవర్సిటీ మేడమ్‌లు’ అంటారు. ఆరేళ్ళలో వాళ్ళు సాధించినవి చిన్నవి. కొన్నిచోట్ల ఆడవాళ్ళకు మరుగుదొడ్లు వచ్చాయి. కొన్నిచోట్ల ‘జంగ్లీ’ అన్న పిలుపు ఆగింది, పైకి వినబడేంత వరకైనా.

ఈ మిల్లుకు పిలవడానికి కారణం దేవాయే. అతను గేటు దగ్గర సూపర్‌వైజరు. సెలవు అడిగిన లోడింగ్ కూలీ ఇర్మాను అందరి ముందూ చెంపమీద కొట్టాడు. లోడింగ్ వాళ్ళు ఒక రోజు పని ఆపేశారు. యాజమాన్యం ఇద్దరినీ ఒకే శిక్షణలో కూర్చోబెట్టింది.

“ఏడిస్తే సమోసా ఇస్తరంట” అన్నాడు వెనక వరసలో ఒకడు.

“మరి నవ్వితే?”

“చాయ్ ఒక్కటే.”

సోమమ్మ నియమం చెప్పింది. ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది, గుమ్మం దాటదు. అదే మాట నాలుగు భాషల్లో చెప్పింది. తర్వాత, ఎవరినైనా కొట్టినందుకు ఎప్పుడైనా నిద్ర పట్టలేదా అని అడిగింది. గుండ్రంగా కూర్చున్నవాళ్ళలో నలుగురు ఏవో చిన్న సంగతులు చెప్పారు. వంతు దేవాకు వచ్చింది. అతను హిందీలో మొదలుపెట్టి దోర్లీలోకి మారాడు.

“ఊర్లు ఖాళీ చేపిచ్చే గుంపుల తిరిగినప్పుడు నాకు పద్దెనిమిదేండ్లు అక్కా. అంతకుముందు అడవి లోపలోళ్ళు, గదే అన్నలు, మేముంటున్న క్యాంపు మీద పడి మా చెల్లెను కాల్చిన్రు. ఆ కోపంతోని పోయిన. ఒక ఊరు అంటువెట్టినం.” ఊరి పేరు కూడా చెప్పాడు.

“తర్వాత?”

“వాగుకాడ ఒకడు కుంటుకుంట పోతున్నడు. నెత్తి మీద కోళ్ళ బుట్ట. పట్టుకున్నం.”

ఇర్మా తల ఎత్తాడు. ఆ ఊరు అతనిదే. ఊరు కాలిన రోజుల్లో చనిపోయిన అతని తండ్రి కుంటివాడని కూలీల అడ్డా మీద అందరికీ తెలుసు, శిక్షణకు ముందు వాళ్ళతో మాట్లాడిన సోమమ్మకూ తెలుసు.

“తర్వాత?”

“గొడ్డలి నా చేతికిచ్చిన్రు. మంచి కాలు నరికిన. రెండో రోజు దాక బతికిండంట.”

పక్కనే కూర్చున్న శాంతిప్రియ హిందీలో చెప్పమన్నట్టు చెయ్యి ఊపింది. సోమమ్మ అనువదించలేదు.

“తర్వాత?” అంది మూడోసారి.

తలుపుకు అడ్డంగా పెట్టే కడ్డీ అప్పటికే ఇర్మా చేతిలో ఉంది.

స్టేషన్లో ఇర్మా నోరు విప్పలేదు. ఊరి పేరు చెబితే తనమీద నక్సలైటన్న ముద్ర పడుతుందేమోనని అతని భయం. మిగతావాళ్ళకు దోర్లీ రాదు. చెంపదెబ్బ కక్ష అని అందరూ ఒకే మాట చెప్పారు. పథకం ప్రకారం చేసిన హత్యాయత్నంగా కేసు తయారైంది. పదేళ్ళు పడవచ్చని మిల్లు వకీలు చెప్పాడు.

మర్నాడు పొద్దున ఆఫీసు మెట్ల మీద శాంతిప్రియ అడిగింది. “ఏటి సెప్తావు పోలీసులకి?”

“జరిగింది.”

“గుమ్మం దాటదని మాటిచ్చేం. ఇప్పుడు మనమే దాటిస్తే రేపు మన ముందు ఎవడు నోరు విప్పుతాడే? ఏ కంపెనీ పిలుస్తాది?”

“పిలవకపోతే మానె. ఆ పిలగానికి పదేండ్లు అక్కా.”

శాంతిప్రియ రెయిలింగ్ మీద చెయ్యి ఆన్చింది. “సరే. దేవా అన్నది సెప్పు. నువ్వు అడిగేవని మాత్రం సెప్పకు. రెచ్చగొట్టింది మనమే అంటారు.”

“అడిగిన గద.”

“తెలీక అడిగేవు.”

“తెలిసే అడిగిన. వాగుకాడ కుంటోడు అన్నప్పుడే తెలిసింది, ఇర్మా వాళ్ళయ్య అని. ఆపేది ఉండె, ఆపలే. ఆ వారమే మా ఊరు కూడ కాలింది. ఇంక అడిగితే మా అయ్య పేరు వస్తదేమో అనుకున్న.”

శాంతిప్రియ స్కూటీ తాళంచెవి తీసుకుని కిందికి దిగింది. ఇద్దరూ స్టేషన్‌కు వెళ్ళారు.

వాంగ్మూలం రాయడానికి రెండు గంటలు పట్టింది. దేవా చెప్పింది సోమమ్మ వరసగా హిందీలో చెప్పింది. తన మూడు ప్రశ్నలూ చెప్పింది. మూడోది ఎందుకు అడిగిందో కూడా చెప్పింది. ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆపాడు.

“ఈ ముక్క కేసుకు అక్కర్లేదు మేడమ్. మీకే నష్టం.”

“అది తీసేస్తే నా మాట సగమే. సగం మాటను రేపు కోర్టులో ఎవరు నమ్ముతారు?”

అతను రాశాడు. ఆమె చదివి సంతకం చేసింది.

పదిహేను రోజుల్లో మిల్లు ఒప్పందం రద్దు చేసుకుంది. మరో రెండు కంపెనీలు ఫోను ఎత్తడం మానేశాయి. రెండు గదుల్లో ఒకటి ఖాళీ చేశారు. ఆస్పత్రిలో దేవా మాత్రం తాను ఏ ఊరి పేరూ చెప్పలేదన్నాడు. అయినా అభియోగపత్రంలో హత్యాయత్నం పోయింది. తీవ్రంగా రెచ్చిపోయిన క్షణంలో చేసిన దాడి అని వచ్చింది. దానికి బెయిలు దొరుకుతుంది.

ఆ సంగతి చెప్పడానికి సోమమ్మ జైలుకు వెళ్ళింది. జాలీ అవతల ఇర్మా దవడ మీద, క్యాంటీన్ నేలకు అదిమినప్పటి మచ్చ ఇంకా ఉంది. చెప్పిందంతా విన్నాడు.

“మూడోసారి నీకోసం అడిగినవంట గద” అన్నాడు. “వకీలు చదివి చెప్పిండు.”

“అవును.”

“మీ అయ్య సంగతి తెలిసిందా?”

“లేదు.”

“నాకు తెలిసింది. శవం దొరకలే గద, మా అమ్మకు ఇన్నేండ్లు తుపాకీతో కాల్చిన్రనే చెప్పుకున్నం. ఒక్క గడియల పానం పోయిందని. ఇప్పుడు ఇంటికి పోయి ఏం చెప్పాలె ఆమెకు?”

సమయం అయిపోయిందని వార్డరు హిందీలో అరిచాడు. ఇర్మా లేచి, తిరిగి చూడకుండా లోపలికి నడిచాడు.