కోటలో పెట్టిన పొయ్యి

మొన్న ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే, మా చుట్టాల గ్రూపులో బావ పెట్టిన మెసేజి కనిపించింది. ఈ కార్తీకంలో వనభోజనాలు మళ్ళీ కోట మీదేనట, బస్సు కూడా మాట్లాడేశాడట. కింద ఒక పాడుబడ్డ బురుజు ఫోటో, దాని వెనక అడవి, నమస్కారాల బొమ్మలు నాలుగు. చూడగానే సగం కాఫీ అలాగే వదిలేశాను. "పంచదార తగ్గిందేంటండీ?" అని అడిగింది మా ఆవిడ. పంచదార సరిపోయింది. ఆ కోట పేరు వింటే చాలు, ఎనిమిదేళ్ళుగా నాకు నోట్లో మసి రుచి వస్తోంది. అది ఆవిడకి ఎలా చెప్పను?

ఆ కోట గోకవరం దాటాక, వరిచేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఒక గుట్ట మీద ఉంది. మాది కాలవగట్లూ కొబ్బరితోటలూ తప్ప ఎత్తన్నది ఎరగని ప్రాంతం. కోరుకొండ ఎక్కి దిగితే వారం రోజులపాటు కనపడ్డవాళ్ళందరికీ మోకాళ్ళ గురించి చెప్పుకుంటాం. అందుకని మాకు గుట్ట అన్నా, గుట్ట మీద గోడలన్నా మహా గొప్ప. రెడ్డిరాజులు కట్టించారని కొందరు, కాదు అంతకు ముందువాళ్ళని కొందరు అంటారు. ఎవరు కట్టిస్తేనేం, చూడ్డానికి వచ్చేవాళ్ళం మేము.

మా మేనమామ పాలకొల్లులో సోషల్ మేస్టారుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లల్ని ఆ కోటకి తీసుకెళ్ళినప్పుడు, రెండో గుమ్మం పక్కన మోకాలెత్తు రాయి ఒకటి, మీద పదకొండు వరుసల అక్షరాలతో, నిలబెట్టి ఉండడం చూశారట. తొమ్మిది వరుసలు నోట్‌బుక్కులో ఎక్కించేసరికి కుండపోతగా వాన పట్టుకుంది. పిల్లల్ని కిందికి దింపాలి కదా, చివరి రెండు వరుసలూ ఉండిపోయాయి. తరవాత బదిలీలు, పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు. ఆ రెండు వరుసలూ అలాగే ఉండిపోయాయి. మా ఇళ్ళల్లో ఏ శుభకార్యం జరిగినా, భోజనాలయ్యాక తాంబూలం నములుతూ మావయ్య ఆ రాయి ప్రసక్తి తెచ్చేవారు. "రాజు పేరు నాకు దొరికిందిరా. ఎవరికి ఏ పొలం ఇచ్చాడో దొరికింది. కానీ ఆఖర్న, చెక్కినవాడు తన పేరు పెట్టుకుంటాడు. వాడెవడో తెలియకుండా నేను పోకూడదు" అనేవారు. మేం చిన్నప్పుడు శ్రద్ధగా విన్నాం, పెద్దయ్యాక ఆవులిస్తూ విన్నాం.

డెబ్భై దాటాక ఆయనకి కళ్ళలో నీటికాసులు వచ్చాయి. ఎడమకన్ను పూర్తిగా పోయింది. కుడికన్ను కూడా ఎన్నాళ్ళో ఉండదని డాక్టరు చెప్పేశాడు. అప్పుడు ఆయన కొడుకు, అంటే మా బావ, ఆ ఏడు వనభోజనాలు కోట మీద పెడతానన్నాడు. మావయ్య ముఖం చూడాలి ఆ రోజు. భూతద్దం తుడుచుకున్నారు, పాత నోట్‌బుక్కు వెతికించుకున్నారు, అరకిలో బియ్యప్పిండి పొట్లం కట్టించుకున్నారు. పిండి పామితే గాడిలో అక్షరాలు తెల్లగా తేలతాయట. బస్సు రావులపాలెం దాటకముందే అత్తయ్య ఆ పొట్లం లాక్కుంది. బజ్జీల్లో కలిపితే కరకరలాడతాయని ఆవిడ పట్టు. ఆ పొట్లం కోసం మొగుడూ పెళ్ళాం రాజమండ్రి దాకా వాదించుకున్నారు. చివరికి చెరిసగం పంచుకున్నారు.

కోట చేరాక చూసిన దృశ్యం ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. మెట్ల దారి పొడుగునా ఎంగిలి విస్తళ్ళు, ప్లాస్టిక్ గ్లాసులు, నలిపి పారేసిన మజ్జిగ ప్యాకెట్లు, పగిలిన సీసా పెంకులు. ఏనుగులు వెళ్ళేంత గుమ్మం మీద ఎర్రరంగుతో బాణం గుచ్చిన గుండెకాయలు, పక్కన పేర్లు, ఆ పేర్ల పక్కన ఫోన్ నంబర్లు. నిధులుంటాయని తవ్విన గోతుల్లో కుళ్ళిన నిమ్మకాయలు, కుంకం, ఈగలు. రాణిగారిదని చెప్పే గదిలో ముక్కు మూసుకోకుండా నిలబడలేం, ఊరూరి జనం ఆ గదినే దేనికి వాడుకున్నారో వేరే చెప్పక్కర్లేదు. ఛీ, మనుషులా వీళ్ళు అని నేను పైకే తిట్టాను. తిడుతూ మా సామాను కిందకి దించాను. అందులో రెండు వందల ప్లాస్టిక్ గ్లాసులున్నాయి.

మావయ్య కర్ర పట్టుకుని మలుపు మలుపుకీ ఆగుతూ ఎక్కుతున్నారు. మిగిలినవాళ్ళం ముందే పైకి చేరి ఉసిరిచెట్టు చూసుకున్నాం. దాని కింద ఎవరో పెట్టిన పాత పొయ్యి ఉంది కానీ రెండు రాళ్ళే మిగిలాయి. "ఒరే అబ్బాయిలూ, మూడో రాయి ఏదైనా చూడండర్రా. పప్పు ఎసరు పెట్టాలి, ముప్ఫై మంది ఆకలికి ఆగరు" అని అత్తయ్య కేకేసింది. బావా నేనూ చుట్టూ చూశాం. గుమ్మం దగ్గర ఒక రాయి బోర్లా పడి, సగం మట్టిలో కూరుకుపోయి ఉంది. చదునుగా ఉంది, సరిగ్గా సరిపోతుందనుకున్నాం. ఇద్దరం కలిసి దొర్లించుకొచ్చాం. అడుగున పట్టుకున్నప్పుడు నా వేళ్ళకి గాడులు తగిలాయి. ఉలి గుర్తులనుకున్నాను. మావయ్య చెప్పిన రాయి నిలబడి ఉంటుంది కదా, పడుకుని ఉన్నదాని మీదకి నా బుర్ర పోలేదు. మట్టి పట్టి ఉన్న ఆ గాడుల వైపే మంటకి తిప్పి నిలబెట్టాం. అత్తయ్య గుండిగ ఎక్కించింది.

ఓ గంటకి మావయ్య వచ్చారు. రెండో గుమ్మం దగ్గర నిలబడి కుడికన్ను గోడకి ఆనించి వెతకడం మొదలుపెట్టారు. చేత్తో తడుముతున్నారు, ఆకులు తప్పిస్తున్నారు, మళ్ళీ మొదటికి వస్తున్నారు. "ఇక్కడే ఉండాలిరా. నా కన్ను పోయింది గానీ గుర్తు పోలేదు" అంటున్నారు. సాయం చేద్దామని వెళ్ళాను. ఆయన కాళ్ళ దగ్గర తడి మట్టిలో కొత్తగా పడ్డ గుంట ఉంది. ఇంకా చెదిరిపోని చీమలు అందులో గుడ్లు మోసుకుంటూ తిరుగుతున్నాయి. చూసిన క్షణంలో నాకు అర్థమైపోయింది. నా వేళ్ళకి తగిలినవి ఏమిటో కూడా అర్థమైంది.

పొయ్యి దగ్గరికి పరిగెత్తాను. పప్పు కుతకుతలాడుతోంది. "అత్తయ్యా, ఓసారి గుండిగ దింపాలి" అన్నాను. "ఏంటి, పప్పు సగంలో దింపుతారా ఎవరైనా? పలుకులైపోతుంది. పక్కకి జరుగు" అంది గరిటె ఊపుతూ. చుట్టూ ఆకలి మీదున్న ముప్ఫై మంది. బావ మైకు పట్టుకుని హౌసీ నంబర్లు చదువుతున్నాడు. అప్పుడు చెప్పాలి. నోరు తెరిస్తే పని అయిపోయేది. కానీ అందరి ముందూ, జీవితమంతా ఆయన చెప్పగా విన్న రాయిని నేనే తెచ్చి మంటలో పెట్టానని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. రాయి కదా, మంటకి ఏమవుతుంది, తిన్నాక తిప్పి చూపించి ఆయన్ని ఆశ్చర్యపరచవచ్చు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వెనక్కి వెళ్ళి మావయ్యతో కలిసి ఆ రాయిని వెతుకుతున్నట్టు నటించాను. రాణిగారి గది వాసన కూడా నాకు అంత రోత పుట్టించలేదు.

పప్పు ముద్దగా ఉడికింది. గుండిగ దింపగానే, అడవి దగ్గర నిప్పు ఉంచకూడదని అత్తయ్య బిందెడు నీళ్ళు పొయ్యి మీద గుమ్మరించింది. నేను రెండడుగులు వేసేలోపే బుస్సుమని ఆవిరి లేచింది, దాంతోపాటు టప్పుటప్పుమని చప్పుడు. రాయి అడుగుభాగం అప్పడాల్లా పెచ్చులు పెచ్చులుగా ఊడి బురదలో పడింది. ఆ చప్పుడికి మావయ్య ఇటు వచ్చారు. మసి పట్టిన రాతి మీద ఆయన చెయ్యి పడింది, అక్కడే ఆగిపోయింది. కింద కూర్చుని, జేబులో మిగిలిన పిండి తీసి మెల్లగా పామారు. నల్లటి రాతి మీద తొమ్మిది వరుసలు ముత్యాల్లా తేలాయి. అవి ఆయనకి కంఠతా వచ్చు. వాటి కింద, పదీ పదకొండూ ఉండాల్సిన చోట, పచ్చిగా తెల్లటి రాయి. బురదలోంచి ఏరిన పెచ్చులు ఆయన వేళ్ళ మధ్యే పొడైపోయాయి.

"ఎవరు పెట్టార్రా ఈ పొయ్యి?" అని అడిగారు.

"ముందొచ్చినవాళ్ళు పెట్టిందే నాన్నా. మేం వచ్చేసరికే ఉంది" అన్నాడు బావ. అందులో మూడింట రెండు వంతులు నిజమే. మావయ్య నా వైపు తిరిగారు. నేను తలూపాను.

"భోజనాలు వడ్డించండర్రా, పిల్లలు ఆకలి మీదున్నారు" అన్నారాయన. అందరం తిన్నాం. పప్పు బాగుందని మారు వడ్డించుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. లేచేటప్పటికి మా రెండు వందల గ్లాసులూ మెట్ల దారిలో మిగతావాటితో కలిసిపోయాయి.

ఏడాది తిరక్కుండా మావయ్యకి రెండో కన్ను కూడా పోయింది. ఆ తరవాత రెండేళ్ళు బతికారు. ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ చెప్పేవారు. "ఎవరో వనభోజనాలవాళ్ళటండీ. చదువుకున్నవాళ్ళే అయ్యుంటారు. రాత మీద నిప్పు పెట్టారు" అని, నేను పక్కనే ఉన్నానని తెలిస్తే "మా మేనల్లుడు కూడా చూశాడు, అడగండి" అనేవారు. నేను అవునండి అనేవాణ్ణి. ఆ గొంతు నాదే అంటే నాకే అసహ్యం వేసేది.

ఆ ఉలి పట్టినవాడెవడో ఇక ఎవరికీ తెలియదు. కాలం అన్నిటినీ చెరిపేస్తుందని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ పేరుని వందల ఏళ్ళపాటు ఎండలోనూ వానలోనూ కాలం జాగ్రత్తగానే కాపాడింది. ముద్దపప్పు ఉడికేంతసేపు నోరు మూసుకుని దాన్ని చెరిపేసినవాణ్ణి నేను.